పులి బాధ్యత నాలుగో తరగతి 'బి' సెక్షన్‌ది

అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. మార్చి 3న ప్రపంచ వన్యప్రాణి దినోత్సవం. జులై 29న అంతర్జాతీయ పులుల దినోత్సవం. ఈ తేదీల్లో పులికి ఏ దిగులూ ఉండదు. ఆ రోజుల్లో దాని మంచిచెడ్డలన్నీ నాలుగో తరగతి 'బి' సెక్షన్ చూసుకుంటుంది. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, కుడిచేయి ముందుకు చాపించి, మైకులో ఒకరు చెబుతుంటే అందరిచేతా చెప్పిస్తారు: నేను పులిని వేటాడను. ఏనుగు దంతాలు కొనను. ఖడ్గమృగం కొమ్ముతో వ్యాపారం చేయను. అడవులు నరకను.

తొమ్మిదేళ్ల పిల్లాడు దంతాల వ్యాపారం మానుకున్నాడు. దేశం హమ్మయ్య అనుకుంది.

మైకు పట్టుకున్న పెద్దాయన మాత్రం ప్రమాణం చేయడు. ఆయన పని చేయించడం వరకే. వేదిక మీద పక్క కుర్చీలో గుట్టల్ని కంకర చేసే క్వారీ యజమాని ఉంటాడు. ఆ పక్కన చెరువు శిఖంలో ప్లాట్లు వేసిన వెంచరు యజమాని ఉంటాడు. బహుమతుల ఖర్చు వాళ్లదే కాబట్టి శాలువాలూ వాళ్లకే. ప్రమాణపత్రంలో క్వారీ ఊసు లేదు, శిఖం ఊసు లేదు. పిల్లలు ఎన్నడూ చేయలేని నేరాలన్నీ అందులో ఉంటాయి. పెద్దలు రోజూ చేసేవి ఒక్కటీ ఉండవు.

ఈ తతంగానికి ఒక సిద్ధాంతం ఉంది. ఏ సభకెళ్లినా వినబడుతుంది: "మన తరం ఎలాగూ పాడైపోయింది. రేపటి పౌరులకు ఇప్పటినుంచే నేర్పితే వాళ్లు కాపాడుకుంటారు." వినడానికి ఎంత వినయంగా ఉంటుందో! లెక్క వేస్తే మాత్రం ఇది కోర్టు వాయిదా లాంటిదని తేలుతుంది. అంతరించే దశలో ఉన్న బట్టమేక పిట్ట సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. బయళ్లలో మిగిలినవి 150 లోపే. నాలుగో తరగతి పిల్ల ఇంటరూ, డిగ్రీ, కోచింగూ, పోటీ పరీక్షలూ దాటి ఫైలు మీద సంతకం పెట్టే కుర్చీలో కూర్చునేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది. అందాకా కాస్త ఓపిక పట్టమని బట్టమేకకు ఎవరు చెబుతారు? దానికి వాట్సాప్ కూడా లేదు.

పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరిగా బోధించాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఆ ఆజ్ఞ జవదాటలేదు. పర్యావరణాన్ని సబ్జెక్టు చేశాం. సబ్జెక్టును మార్కులు చేశాం. మార్కుల కోసం ప్రాజెక్టు పెట్టాం. ప్రాజెక్టును స్టేషనరీ షాపుకు అప్పగించాం. అక్కడ 'జాతీయ నాయకులు', 'రవాణా సాధనాలు' చార్టుల మధ్య 'అంతరించిపోతున్న జంతువులు' చార్టు వేలాడుతుంటుంది. బొమ్మలు కత్తిరించేది అమ్మ, అంటించేది నాన్న, నిద్రపోయేది పిల్లాడు. తెల్లారేసరికి థర్మోకోల్ అడవిలో ప్లాస్టిక్ పులి వెలుస్తుంది. ఆ అడవి మధ్యాహ్నానికి ప్రథమ బహుమతి గెలుచుకుని, సాయంత్రానికి మున్సిపాలిటీ చెత్తబండి ఎక్కుతుంది. మట్టిలో కలవడానికి మాత్రం దానికి తొందర లేదు. ఈ లెక్కన దేశంలో అంతరించే భయం లేని అడవి అదొక్కటే.

ఆ చార్టులో ఎవరెవరు ఉంటారో చూడండి. పాండా ఉంటుంది. ధ్రువపు ఎలుగుబంటి ఉంటుంది. పెంగ్విన్ ఉంటుంది. మూడు వందల ఏళ్ల కిందటే మారిషస్‌లో కనుమరుగైన డోడో కూడా ఉంటుంది. 'సేవ్ డోడో' అని రాసినా మార్కులు తెగవు, దస్తూరీ బాగుంటే చాలు. పాండా పరిస్థితి కొంత మెరుగుపడిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2016లో దాన్ని ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న వర్గంలోకి మార్చింది. మన షాపుకు ఆ కబురు ఇంకా అందలేదు. అంతకు ఐదేళ్ల ముందే, 2011లో, అదే సంస్థ మన బట్టమేకను అత్యంత ప్రమాదమున్న వర్గంలో చేర్చింది. ఆ కబురూ అందలేదు.

దూరపు కొండలు నునుపన్నారు. దూరపు జంతువులు ఇంకా నునుపు. పాండా బతకాలంటే చైనాలో వెదురు పెరగాలి. అందుకు మన తహసీల్దారు కదలనక్కర్లేదు, మన కాంట్రాక్టరు నొచ్చుకోనక్కర్లేదు. ధ్రువపు ఎలుగుబంటి కోసం ఏ ఎమ్మెల్యేతోనూ మాట పడనక్కర్లేదు. సంరక్షణ వల్ల ఎవరికీ పైసా నష్టం రాదని పిల్లల్ని నమ్మించడానికి పాండాను మించిన జంతువు లేదు.

కలివికోడి అలా కాదు. అది తగాదాకోరు. 1848లో జెర్డాన్ దొర శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట 1900 తర్వాత జాడ లేకుండా పోయింది. అంతరించిందనే అందరూ రాసేసుకున్నారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దాన్ని కనుగొన్నారు. ఆయనకు చీకట్లో దారి చూపింది పిట్టలు పట్టుకుని బతికే ఒక స్థానికుడు. శాస్త్రజ్ఞులు నీళ్లొదిలేసిన 86 ఏళ్లూ అక్కడి జనానికి అది తెలిసిన పిట్టే. పుస్తకంలో లేనంత మాత్రాన అది గూడు పెట్టడం మానలేదు. తర్వాత దానికోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. 1988లో తపాలా బిళ్ల మీద బొమ్మ పడింది. 2005లో అది తిరిగే చోటికే తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు వచ్చాయి. అభ్యంతరాలు లేచాక కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

ఇంత గొడవ ఉన్న పిట్టను చార్టులో ఎవరు పెడతారు? "సార్, కాలువ ముఖ్యమా, పిట్ట ముఖ్యమా?" అని ఒక పిల్ల లేచి అడిగితే సారు ఏం చెప్పాలి? నీళ్ల కోసం ఎదురుచూసే రైతు కొడుకు కూడా అదే బెంచీలో ఉంటాడు. నిజమైన పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. సరిగ్గా అక్కడే మనం గంట కొట్టేస్తాం.

నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడుదీ ఇదే కథ. బట్టమేక కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. రక్షణ దొరికేసరికి కృష్ణజింకలు పెరిగాయి. పెరిగినవి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. పంట పోయిన రైతు కోపం అభయారణ్యం మీదికి మళ్లింది. బట్టమేక అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. పట్నం పిల్లాడు పెన్సిలుతో గీసే జంతువును రైతు తన శనగచేనుతో పోషిస్తున్నాడన్న మాట ఏ పాఠంలోనూ రాదు. నష్టపరిహారం ఫైలు ఎన్ని బల్లలు దాటాలో కూడా రాదు. 'మానవుడు స్వార్థపరుడు' అని ఒక్క వాక్యం రాయించేస్తే క్వారీ యజమానీ, శనగ రైతూ ఒకే గాటన కట్టబడతారు. పేపరు దిద్దడానికీ సులువు.

ఇక మొక్క నాటడం. వన్యప్రాణుల పేరుతో ఏ సభ జరిగినా చివర్లో మొక్క నాటి తీరాల్సిందే. ముఖ్య అతిథి, ప్రధానోపాధ్యాయుడు, పది మంది పిల్లలు కలిసి ఒక్క కానుగ మొక్కను పట్టుకుని కెమెరా వైపు చూస్తారు. చిక్కేమిటంటే బట్టమేకది గడ్డి మైదానం. చుట్టూ దూరం దాకా కనబడితేనే దానికి ధైర్యం. దాని బయలులో చెట్లు పెంచితే అది వెళ్లిపోతుంది. దాన్ని కాపాడాలంటే కొన్నిచోట్ల మొక్క నాటకుండా ఊరుకోవాలి. ఊరుకుంటే ఫొటో రాదు కదా! పైగా మన రెవెన్యూ రికార్డుల్లో గడ్డి నేల బంజరు కిందే లెక్క. బంజరు ఖాళీగా ఉంటే అధికారులకు నిద్ర పట్టదు. దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా, లేదా ఏదో ఒకటి నాటేదాకా.

పోనీ, దూరపు అభయారణ్యాల సంగతి వదిలేద్దాం. ఊళ్లో రోజూ కనిపించేవాటి గురించైనా నేర్పుతున్నామా? పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే శుభం. చూడాలంటే పొలం గట్ల వెంట కాస్త నడవాలి. అంత తీరిక లేని భక్తుల కోసం దాన్ని పట్టి, పంజరంలో కుక్కి, గుడి ముందు డబ్బులు తీసుకుని చూపిస్తారు. 2025లో దసరా సరిగ్గా అక్టోబరు 2న పడింది. వన్యప్రాణి వారోత్సవాల ప్రారంభమూ, పంజరంలో పాలపిట్ట దర్శనమూ ఒకే ముహూర్తానికి! ఎగరనివ్వకుండా కట్టేసిన పిట్టను చూసి విజయం కోరుకునే జాతికి ఆ విజయం ఎటు వైపు నుంచి వస్తుందో మరి.

ఆంధ్రప్రదేశ్ వాళ్లు 2018లో పాలపిట్టను పక్కనపెట్టి రామచిలుకను రాష్ట్ర పక్షిగా చేసుకున్నారు. రాష్ట్ర పక్షికి పదవితో పాటు ఉద్యోగం కూడా ఉంది. రోడ్డు పక్కన పంజరంలోంచి బయటికి వచ్చి, కార్డు తీసి, మళ్లీ లోపలికి వెళ్లడం. చిలుకను అలా బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవడం కూడా నేరమే. 'ఇంట్లో ఉంటే కలిసొస్తుంది' అని గాజుతొట్టిలో దాన్ని ఉంచుకున్న నాన్నే పిల్లాడి చార్టు మీద ఆఫ్రికా ఏనుగును శ్రద్ధగా అంటిస్తాడు. తొట్టిలోని తాబేలు కూడా చార్టులో ఉండాల్సిన జంతువేనని ఆ పిల్లాడికి చెప్పే మాస్టారెవరు?

సముద్రతీరానికి వస్తే ముచ్చట మరీ అందంగా ఉంటుంది. అటవీశాఖ వాళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను ఇసుకలో భద్రంగా పొదిగించి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. అది నిజంగా మంచి పని. అక్కడికి బడిపిల్లల్ని తీసుకెళ్తారు. అరచేతంత తాబేటి పిల్లలు అలల వైపు పాకుతుంటే చప్పట్లు. వాటిలో వెయ్యికి ఒకటి పెద్దదైతే గొప్ప. అలా పెద్దదై గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే తల్లి ట్రాలర్ వలలో చిక్కి ఊపిరాడక చనిపోతుంది. ఏటా శీతాకాలంలో మన తీరమంతా ఆ కళేబరాలు కొట్టుకొస్తాయి. వలకు తాబేలు తప్పించుకునే పరికరం బిగిస్తే చాలావరకు ఆగే చావులివి. బిగించాల్సింది పెద్దలు. బిగించారో లేదో చూడాల్సింది పెద్దలు. పొద్దున్నే నీళ్లలోకి వదిలిన తాబేటి పిల్లల్ని చూపించిన సార్లు, అదే ఇసుకలో నాలుగడుగుల అవతల పడి ఉన్న తల్లిని చూపించరు. పసిమనసులు నొచ్చుకుంటాయట! నొచ్చుకుంటే అడుగుతాయని అసలు భయం.

ఇంత చేసినా కొందరు పిల్లలు పాఠాన్ని నిజమని నమ్మేస్తారు. అది మన విద్యావిధానంలో జరిగే పొరపాటు. 2025 మార్చి నెలాఖరున హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్టూచేమా మీదికి యంత్రాలు వచ్చాయి. చిన్నప్పుడు చార్టులు అంటించి, చేతులు చాపి ప్రమాణాలు చేసిన తరమే అప్పటికి యూనివర్సిటీకి చేరింది. అడవులు నరకనివ్వం అని అడ్డం వెళ్లింది. రేపటి పౌరులు రానే వచ్చారు, చెప్పిన టైముకే వచ్చారు. వాళ్లకు దొరికింది ప్రశంసాపత్రం కాదు, పోలీసు వ్యాను. చివరికి ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలగజేసుకుని నరుకుడు ఆపించింది. నెమళ్ల గురించి వ్యాసం రాస్తే బహుమతి, నెమళ్లున్న చోట నిలబడితే నిర్బంధం. తేడా ఎక్కడుందో మన పాఠ్యప్రణాళిక ముందే చెప్పి ఉంటే ఆ విద్యార్థులకు ఇంత గందరగోళం ఉండేది కాదు.

అయ్యవార్లకూ, అధికారులకూ, అమ్మానాన్నలకూ నా మనవి ఒక్కటే. పిల్లలకు జంతువుల గురించి చెప్పడం మానొద్దు. జంతువుతో పాటు దాని తగాదాను కూడా చెప్పండి. కలివికోడితో పాటు కాలువ, కృష్ణజింకతో పాటు శనగచేను, తాబేలుతో పాటు ట్రాలరు. రెండు పక్షాలూ విన్న పిల్ల ఎవరి వైపు నిలబడుతుందో ఆ పిల్ల ఇష్టం.

దానికి జూపార్కు విహారయాత్ర అక్కర్లేదు. పెద్ద గని, పెద్ద ప్రాజెక్టు ఏది రావాలన్నా 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఊళ్లోనే షామియానా వేస్తారు, అధికారులు వస్తారు, ఎవరేమన్నారో రాసుకుంటారు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెట్టండి. ఊళ్లో గుట్ట ఏమిటో, దాని మీద ఏమేం బతుకుతున్నాయో, నివేదికలో అవి ఎందుకు లేవో, ఉద్యోగాలు ఎందరికి వస్తాయో, ఎవరు ఎందుకు ఒప్పుకుంటున్నారో, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో రెండు గంటల్లో తెలిసిపోతుంది. థర్మోకోల్ ఖర్చు కూడా కలిసొస్తుంది.

అలాంటి యాత్రకు అనుమతి కాగితం మీద సంతకం పెట్టే ప్రధానోపాధ్యాయుడు ఎక్కడైనా మిగిలి ఉంటే దయచేసి అటవీశాఖకు కబురు పెట్టండి. ఆయన్ను వెంటనే వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చి, కనీసం ఈ విద్యాసంవత్సరం ముగిసేదాకా బదిలీ కాకుండా కాపాడుకోవాలి.