హిరణ్యకశిపుడి మార్కుల గైడు

నంద్యాల జిల్లా అహోబిలం కొండల్లో ‘ప్రహ్లాద బడి’ అని ఒక చోటు చూపిస్తారు. అక్కడి బండమీది గీతలు ప్రహ్లాదుడి రాతలేనని భక్తుల నమ్మకం. పేపర్లు దిద్దే విద్య నేర్వాలనుకునే అయివార్లకు ఇంతకన్నా మంచి శిక్షణ కేంద్రం దొరకదు. గురువులు చండామార్కులు హిరణ్యకశిపుడి కొడుకైన ఆ ప్రహ్లాదుడికి నేర్పింది సామ దాన భేద దండోపాయాలు, అంటే ఎదుటివాణ్ని దారికి తెచ్చుకునే కోర్సు. పిల్లవాడు కోర్సంతా నేర్చుకున్నాడు, నేర్చుకున్నాక ఇది మేలైన చదువు కాదన్నాడు. అంటే చదివినదాన్ని విశ్లేషించాడు. తరవాతేమైందో అందరికీ తెలుసు.

ప్రసంగమో, కరపత్రమో, వాణిజ్య ప్రకటనో చేతికిచ్చి, ‘ఇది చదివేవాణ్ని ఎలా ఒప్పిస్తోంది?’ అని పిల్లలతో వ్యాసం రాయించే అయివార్లు ఈ కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటించాలి.

1. జవాబు ముందే ఖాయం చేసుకోవాలి. హిరణ్యకశిపుడు కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, చదివినవాటిలో మంచిదేదో చెప్పమని ముద్దుగా అడిగాడు. జవాబు విని ఒళ్లోంచి కిందికి తోసేశాడు. ప్రశ్నపత్రంలో ‘మీ సొంత మాటల్లో రాయండి’ అని అచ్చువేసి, దిద్దేటప్పుడు కీలో ఉన్న మాటలే వెతకడం ఈ సంప్రదాయంలోదే.

2. జవాబు మరీ బాగుంటే ఎవరు నేర్పారో కూపీ లాగాలి. శత్రుపక్షం వాళ్లెవరో మారువేషంలో బళ్లో చొరబడ్డారని రాజుగారు అనుమానించారు. ‘మేం నేర్పలేదు మహారాజా, వీడి పుట్టుబుద్ధే ఇంత’ అని గురువులు మొత్తుకున్నారు. ఇప్పుడా అనుమానం చాట్‌జీపీటీ మీదికి మళ్లింది. వ్యాసం చెత్తగా ఉంటే మాత్రం అది పిల్లవాడి సొంతమేనని నిశ్చింతగా నమ్మవచ్చు.

3. ఉపాయాల పేర్లు లెక్కపెట్టి మార్కులు వేయాలి. చెప్పేవాడి మీది నమ్మకం, వినేవాడి మనసు, మాటలోని తర్కం: ఈ మూడింటికీ అరిస్టాటిల్ ఈథోస్, పాథోస్, లోగోస్ అని పేర్లు పెట్టాడు. ఓరుగల్లులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రాస్తూ వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుందనీ, పురాణం మిత్రుడిలా చెబుతుందనీ, కావ్యం కాంతలా మెప్పిస్తుందనీ లెక్క తేల్చాడు. పిల్లవాడు వీటిలో ఏ పేరు రాసినా టిక్కు కొట్టి ముందుకు సాగాలి. ఆ ఉపాయం అక్కడెందుకు పనిచేసిందని ఆలోచిస్తూ కూర్చుంటే కట్ట తెమలదు.

అహోబిలం పారువేటనే తీసుకుందాం. కనుమ నాడు మొదలుపెట్టి 40 రోజులకు పైగా నరసింహస్వామి పల్లకీలో ఊరూరా తిరిగి, తన కల్యాణానికి తానే జనాన్ని పిలుస్తాడు. ‘ఇందులో పాథోస్ ఉంది’ అన్న పిల్లవాడికి నిండు మార్కులు. ‘శుభలేఖ అందితే ఏదో వంక చెప్పి మానుకోవచ్చు, పెళ్లికొడుకే వాకిట్లోకొచ్చి పిలిస్తే కాదనలేం; పల్లకీ దిగిన ఊరు అప్పటికే పెళ్లివారిలో చేరిపోతుంది’ అని రాసిన పిల్ల ఏ పేరూ చెప్పలేదు కాబట్టి సున్నా.

4. అన్నిటికన్నా ముఖ్యం: ఇచ్చిన రచన ఎవరి పక్షమో చూసుకుని మార్కులు వేయాలి. ఉదాహరణకు శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబర్ 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో, కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్నది. దీన్ని ఇద్దరు పిల్లలు విశ్లేషించారనుకుందాం.

మొదటివాడు ‘సీమకు తీరని అన్యాయం జరిగింది, గుండె మండుతోంది’ అని నాలుగు పేజీలు రాశాడు. రెండో పిల్ల పత్రంలోని మాటలు పట్టుకుంది. ప్రత్యేకాంధ్రలో తమ గతేమిటన్న సీమ భయాన్ని పోగొట్టడానికే ఆ రచన పుట్టిందంది. రాజధాని, హైకోర్టు చెరోచోట ఉండాలని చెప్పి, ఏది కావాలో కోరుకునే హక్కు సీమకే ఇవ్వడం బెదిరినవాడి చేతికి పగ్గాలు అందించడమేనంది. నీటి పథకాల్లో పదేళ్లు సీమకే ముందు చోటు అని గడువు చెప్పి, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలమని చేర్చడంలో లెక్కా ఉంది, ఊరటా ఉంది అంది. మాట తప్పితే ఏమిటన్నది మాత్రం రాసుకోలేదనీ, సంతకానికి ఒప్పించిన పత్రం అమలుకు ఒప్పించలేకపోయిందనీ తేల్చింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయిందనీ, 1956 నవంబర్ 1న అది హైదరాబాదుకు తరలిందనీ గుర్తుచేసింది.

కర్నూలులో దిద్దితే మొదటివాడికి ఫస్ట్ మార్కు, రెండో పిల్లకు ‘సీమ మీద ప్రేమ లేదు’ అని ఎర్రసిరా. అవే పేపర్లు గుంటూరుకు పంపితే మొదటివాడికి ‘ఆవేశం ఎక్కువ’, రెండో పిల్లకు ‘పాత గొడవలు దేనికి?’ ఆమె ఏం రాసిందో రెండు చోట్లా చదవక్కర్లేదు.

5. కథ చెప్పినవాణ్ని నిరాశపరచకూడదు. గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం బుచ్చమ్మను ఎలా బుట్టలో వేశాడని అడిగితే, నాటకం కథంతా అడిషనల్ షీట్లలో నింపినవాడి దారానికైనా విలువివ్వాలి.

6. దిద్దే చేయి ఎలాంటిదైనా ఫరవాలేదు. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు 1912లో రెండు ఇంగ్లీషు జవాబు పత్రాలను 142 మంది టీచర్లతో దిద్దించారు. నూటికి ఒకదానికి 64 నుంచి 98 దాకా, రెండోదానికి 50 నుంచి 97 దాకా మార్కులు పడ్డాయి. మరుసటి ఏడు జామెట్రీ పేపరు దిద్దిస్తే తేడా ఇంకా పెరిగింది. కాబట్టి తెలుగు అయివార్లు మాత్రమే సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఈ ఆరూ పాటిస్తే కట్ట మధ్యాహ్నానికే తెములుతుంది. పాటించని అయివారికి చాకిరీ ఎక్కువ: ఇచ్చిన కరపత్రం ముందు తాను చదవాలి, పిల్లవాడు చూపిన వాక్యం అందులో ఉందో లేదో వెతకాలి, ఆ వాక్యం నుంచి అతను తేల్చిన మాట నిలుస్తుందో లేదో చూడాలి, తనకు నచ్చని తీర్పుకూ మార్కు వేయాలి. అమెరికాలో తెలుగువారి పిల్లలు కూడా రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో ఇలాంటి వ్యాసానికి ఆరు పాయింట్లు. వాటిలో నాలుగు ఆధారాలకూ, వాటి వివరణకూ. దిద్దేవారికి నచ్చినందుకు ఒక్కటీ లేదు.