సముద్రం దాటితే ఏడు

పీహెచ్‌డీ అయిపోయి, పెళ్ళయి, పిల్లాడు ఇంటర్‌కొచ్చి, లోను మీద కట్టిన ఇంట్లో పాలు కూడా పొంగించేశాక కాలేజీ లెక్చరరుకు ఇక మిగిలే కోరికలు రెండే. నంద్యాల నుంచి ఎక్కడికీ బదిలీ కాకూడదు. విజిటింగ్ ఫెలోగా మూడు నెలలు ఫారిన్ పోయి రావాలి. మొదటిదానికి ఎమ్మెల్యే గారి లెటరు కావాలి, రెండోదానికి ఎవరో దొరగారి లెటరు. రెండోదే కొంచెం తేలికని స్టాఫ్‌రూముల్లో తల నెరిసినవాళ్ళు చెబుతారు.

ఈ కోరిక జ్ఞానతృష్ణ వల్ల పుడుతుందని మనం అనుకుంటాం. యూజీసీ అంత అమాయకురాలు కాదు. 2018 నిబంధనల్లో పట్టిక గీసి మరీ రేటు కట్టింది. రాష్ట్రంలోనో యూనివర్సిటీలోనో పిలిస్తే పోయి ఉపన్యసించినందుకు 2 పాయింట్లు, జాతీయ సదస్సుకు 3, మన దేశంలోనే జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, విదేశంలో అయితే 7. అంతర్జాతీయ ఫెలోషిప్ వస్తే దానికి విడిగా ఇంకో 7. ఉపన్యాసం అదే, పవర్‌పాయింటు అదే, అందులోని అచ్చుతప్పులూ అవే. కర్నూలులో రెండుకు పోయే సరుకు లండన్‌లో దించితే ఏడు పలుకుతుంది. మన కోవెలకుంట్ల శనగ రైతు ఈ పట్టిక చూడలేదు కాబట్టి సరిపోయింది. ఇక ఆ అయిదు పాయింట్ల సదస్సు సంగతి అడక్కండి. ఖాట్మండు నుంచి ఒక ప్రొఫెసరు జూమ్‌లో పావుగంట కనిపించి, సిగ్నల్ పోయి మాయమైతే చాలు, మన సెమినార్ హాలు అంతర్జాతీయం అయిపోతుంది.

మనకు తెలిసిన చరిత్ర మాస్టారొకరున్నారు. సొంతూరు ఆళ్ళగడ్డ, ఉద్యోగం నంద్యాల. పేరెందుకులెండి, ప్రతి కాలేజీలోనూ ఆయన ఉన్నాడు. అహోబిలం మీద పరిశోధన చేస్తానని ఆయన సంకల్పం. ఆళ్ళగడ్డలో ఆటో ఎక్కితే గంట తిరక్కుండా ఎగువ అహోబిలం మెట్ల దగ్గర దిగొచ్చు. కానీ అక్కడ దిగితే ఎన్ని పాయింట్లో పట్టికలో లేదు. కాబట్టి అంశానికి 'వలసకాలపు దక్కనులో ఆలయం, అధికారం, అరణ్యం' అని పేరు పెట్టి, దాన్ని లండన్‌లో చదవాల్సిన అవసరం కల్పించారు.

అవసరం పూర్తిగా కల్పితమూ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు వందల ఏళ్ళ కిందట కల్నల్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు అన్నదమ్ములను వెంటబెట్టుకుని ఊరూరి కైఫీయత్తులు రాయించాడు. కరణాలు చెప్పింది, గుళ్ళోని శాసనం, చెరువు తవ్వించినవాడి పేరు, అన్నీ మూటగట్టాడు. 1821లో ఆయన పోయాక ఆ మూటలు పంపకాలై కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో తేలాయి. మద్రాసువి చూడాలంటే రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. అయితే బస్సు టికెట్టు మీద 'విజిటింగ్ ఫెలో' అని రాయరు.

డబ్బిచ్చేవాళ్ళూ ఉన్నారు. జర్మనీ డాడ్ సంస్థ యూనివర్సిటీ అధ్యాపకులకు ఒకటి నుంచి మూడు నెలల పరిశోధన బస ఇస్తుంది. అమెరికా ఫుల్‌బ్రైట్ పథకం యుద్ధంలో మిగిలిన సామాన్లు అమ్మిన డబ్బుతో 1946లో మొదలై, 1950 ఒప్పందంతో మన దేశానికొచ్చింది. ఇక చార్లెస్ వాలెస్ అనే కలకత్తా దొర ఇక్కడ వ్యాపారం చేసి 1916లో పోతే, ఆ సొమ్ముతో 1981లో ట్రస్టు పెట్టి, బ్రిటన్‌లో మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పరిశోధించడానికి మనవాళ్ళకు గ్రాంట్లిస్తున్నారు. మన దగ్గర గడించిన సొమ్ముతో, మన దగ్గర్నుంచి పోయిన కాగితాలను, మనవాడే పోయి చూసొస్తాడు. కాకపోతే అర్జీ ఇంగ్లీషులో పెట్టుకోవాలి.

ముందు ఆహ్వాన లేఖ. అది ఉంటేనే ఫెలోషిప్ అంటారు డబ్బిచ్చేవాళ్ళు, ఫెలోషిప్ ఉంటేనే ఆహ్వానం అంటారు పిలిచేవాళ్ళు. మాస్టారు రోజూ రాత్రి అన్నం తిన్నాక దొరల మెయిల్ ఐడీలు వెతికి, మూడు ఖండాలకు ఒకే ఉత్తరం పంపారు. ఒకచోట పేరు మార్చడం మరిచిపోయి లండన్ ప్రొఫెసరును హైడెల్‌బర్గ్ ప్రొఫెసరుగా సంబోధించారు. చివరికి ఒక పుణ్యాత్మురాలు జవాబిచ్చింది. మీ అంశం ఆసక్తికరంగా ఉంది, మా మీద పైసా ఖర్చు పడకపోతే తప్పక రండి, ఒక బల్ల, లైబ్రరీ కార్డు ఇవ్వగలం అని. ఆ రోజు ఇంట్లో బొబ్బట్లు. ఆ లేఖ పట్టుకుని ట్రస్టు గ్రాంటూ సంపాదించారు.

తర్వాత ఫైలు. ప్రభుత్వోద్యోగి విదేశీయుల ఆతిథ్యం స్వీకరించాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఆరో సెక్షను కింద కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కావాలి. దానికో ఫారం, ఎఫ్‌సీ-2. అంటే ఆ ట్రస్టు పెట్టే మూడు పూటల తిండికి ఢిల్లీ సరేననాలి. అక్కడి సంగతి తేలేలోపు ఇక్కడ నో అబ్జెక్షను, సెలవు ఆన్‌డ్యూటీయా, ఆర్జిత సెలవా, మాస్టారు లేనప్పుడు పాఠాలెవరు చెబుతారు, అక్కడే ఉండిపోనని బాండు రాసిచ్చారా? "ఇంతకీ ఆడ ఏం జేస్తారు సార్?" అని సీనియర్ అసిస్టెంటు అడిగాడట. ఫైలు మొత్తంలో పరిశోధన గురించి వచ్చిన ప్రశ్న అదొక్కటే. అదీ నోట్‌షీటు మీదికి ఎక్కలేదు.

వెళ్ళారు. నల్లకారం, ఉలవచారు పొడి, ఆతిథ్యమిచ్చిన ప్రొఫెసరుకు ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన జానెడు నరసింహుడు. ఆ స్వామిని చేతి సంచిలో పెడితే బరువెక్కువ, పెట్టెలో పెడితే ఉలవచారుకు చోటు లేదు. బ్రిటిష్ లైబ్రరీలో పెన్ను లాక్కుని పెన్సిలిచ్చి కూర్చోబెట్టారు. కట్ట విప్పితే గొలుసుకట్టు తెలుగు రాత. ఒక్క ముక్క చదవడం రాలేదు. మన భాష, మన జిల్లాల సంగతులు, మనవాడి చేతిరాత. చివరికి మెకంజీ గుమాస్తాలు చేసిపెట్టిన ఇంగ్లీషు అనువాదాలు తెప్పించుకుని నోట్సు రాసుకున్నారు. కోటు వేసుకుని బోర్డు ముందు దిగిన ఫొటో మాత్రం మొదటిరోజే కాలేజీ గ్రూపులో పడింది.

ఇక్కడ ఆయన పాఠాలను గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు ఫ్యాకల్టీ కుర్రాడు చెప్పాడు. ఆ సెమిస్టరులో హిస్టరీ పేపరు ఉత్తీర్ణత పెరిగింది. దీని మీద కమిటీ వేయలేదు.

అందరూ ఇంతేనని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియాలో తెలుగు ధాతువుల మీద చేసిన పనిని 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వేస్తే, ద్రవిడ భాషలు చదివేవాళ్ళు ఇప్పటికీ దాన్ని దాటి పోలేరు. ఆయన కాలానికి పాయింట్ల పట్టిక లేదు, అదృష్టం.

మాస్టారి పరిశోధనాంశమైన నరసింహస్వామికే ఏటా ఒక ఫెలోషిప్పుంది. కనుమనాడు అహోబిలం నుంచి పల్లకీలో బయల్దేరి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళలో దాదాపు నలభై రోజులు పారువేట తిరుగుతాడు, తన పెళ్ళికి రమ్మని తానే పిలుస్తూ. ఒక్క ఊరి నుంచీ ఆహ్వాన లేఖ తెచ్చుకోడు, బోయీల భుజాల మీదే పోతాడు, వెనక్కొచ్చి రిపోర్టు పెట్టడు. పట్టిక ప్రకారం ఎటు లెక్కేసినా రాష్ట్రస్థాయే, రెండు పాయింట్లు. మాస్టారు ఆ నలభై రోజుల్లో ఒక్క ఊరికైనా వెంట నడిచారా అని వాళ్ళ మామగారు ఆళ్ళగడ్డలో అడిగారు. "యాడ తీరుతాది మామా, ఫైలు మూవ్ చేసుకుంటా ఉంటిని" అన్నారాయన.

తిరిగొచ్చాక జిల్లా పేజీలో వార్త, శాలువా, ఇంకో ఆళ్ళగడ్డ విగ్రహం. ఆడిట్‌వాళ్ళు బోర్డింగ్ పాసు ఒరిజినల్ అడిగారు. చదివిందేమిటో ఎవరూ అడగలేదు కాబట్టి మాస్టారూ చెప్పలేదు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ ఫైల్లో ఫెలోషిప్పుకు ఏడూ, అక్కడిచ్చిన ఉపన్యాసానికి ఏడూ, మొత్తం పద్నాలుగు ఎక్కాయి.

మొన్న స్టాఫ్‌రూములో కామర్సు కుర్ర లెక్చరరు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించి అడిగాడు. "సార్, లండన్ మేడమ్‌గారిచ్చిన ఆ ఇన్విటేషన్ లెటరు మీ దగ్గరుందా?"

"ఉంది. పంపిస్తాలే, పీడీఎఫ్ ఉంది."

"పీడీఎఫ్ వద్దు సార్. వర్డ్ ఫైలుంటే చూడండి, పేరు మార్చుకుంటా."