నోట్‌ప్యాడ్ బదిలీ కోరుతూ ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ గారికి బహిరంగ అర్జీ

శ్రీయుత ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ గారికి,
సిస్టమ్ ఫైళ్ల ధర్మకర్త,
విండోస్ ఫోల్డర్, సీ డ్రైవ్.

విషయం: నోట్‌ప్యాడ్ స్థానంలో మాకు నచ్చిన ఎడిటర్‌ను వేసుకోనివ్వమని మనవి.

అయ్యా,

తమరి మొహం చూసినవాళ్లు ఎవరూ లేరు. విస్టా వచ్చిన దగ్గర్నుంచీ ఆ కుర్చీ తమరిదేనని, సర్వీసుల జాబితాలో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ అనే పేరుతో కనబడతారని మాత్రం తెలుసు. సిస్టమ్ ఫైలు మీద చెయ్యి పడితే చాలు, మార్చాలంటే ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనుమతి కావాలంటూ బోర్డు లేస్తుంది. ఆ అనుమతి ఏ గదిలో ఇస్తారో బోర్డు మీద ఉండదు. మళ్లీ ప్రయత్నించమని ఒక బటన్ ఉంటుంది, ఎన్నిసార్లు నొక్కినా వచ్చేది ఆ బోర్డే. కంప్యూటర్‌కు డబ్బు కట్టింది మేము, అడ్మినిస్ట్రేటర్ అని పేరు వేసుకున్నదీ మేమే. తమరి గది ఎక్కడుందో తెలియక ఇలా నలుగురి ముందూ అర్జీ పెట్టుకుంటున్నాం.

నోట్‌ప్యాడ్ మీద మాకు కోపం లేదు. 1985లో విండోస్ మొదటి వెర్షన్‌తో కొలువులో చేరింది, ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. ఎఫ్5 నొక్కితే తేదీ, టైము వేస్తుంది. మొదటి వరసలో డాట్ లాగ్ అని ఇంగ్లిషు పెద్దక్షరాల్లో రాసి సేవ్ చేస్తే, ఫైలు తెరిచిన ప్రతిసారీ అడుగున ఆనాటి తేదీ తనంతట తనే వేసిపెడుతుంది. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన ముక్కకు అంటుకొచ్చిన రంగులు, లింకులు వదిలించడానికి ఒకసారి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి తీయడం దేశమంతా చేసే పనే.

కానీ తెలుగు రాసేవాళ్లతో అది సవ్యంగా మెలగడం మొదలుపెట్టింది ఆలస్యంగానే. 2019లో విండోస్ 10 వెర్షన్ 1903 వచ్చేదాకా కొత్త ఫైలు సేవ్ చేయబోతే దానికి ముందు తోచే ఎన్‌కోడింగ్ ఆన్సీ. ఆన్సీలో తెలుగుకు చోటే లేదు. యూనికోడ్ అక్షరాలు పోతాయని హెచ్చరిక పెట్టె వచ్చేది, నిజమే. పని తొందరలో ఉన్న మనిషి పెట్టె కనిపిస్తే చదువుతాడా, ఓకే కొడతాడా? ఓకే కొట్టి మూసి మళ్లీ తెరిస్తే ‘తెలుగు’ అన్న చోట ఆరు ప్రశ్నార్థకాలు: మూడు అక్షరాలకు మూడు, ఎత్వానికొకటి, కొమ్ములకు రెండు. వాటిలోంచి అసలు మాట తిరిగి రాబట్టే విద్య ఏదీ లేదు. లినక్స్ నుంచి వచ్చిన ఫైలైతే 2018 దాకా వరసలన్నీ కలిసి రైలుపెట్టెల్లా ఒకే గీతన తెరుచుకునేది. ఆ రోజుల్లో నోట్‌ప్యాడ్++ అనే వేరే ఎడిటర్ వేసుకున్నవాళ్లను తప్పుపట్టగలమా? 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న సరుకు అది. కొత్త ఫైలంటే తెలుగు పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ అని ఒక్కసారి చెబితే గుర్తుపెట్టుకుంటుంది.

ఇక బదిలీ ప్రహసనం. ఎక్స్‌పీ కాలంలో తమరు లేరు, ఫైల్ ప్రొటెక్షన్ అని తమరి పూర్వీకులొకరు ఉండేవారు. విండోస్ ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్, సిస్టమ్32లో మరొకటి, డీఎల్ఎల్‌క్యాష్ అనే దాపుడుగదిలో మూడోది. దాపుడుగదిలోదాన్ని ముందు మార్చకుండా పైవాటిని ముట్టుకుంటే, కళ్లముందే పాతది మళ్లీ వచ్చి కూర్చునేది. తమరి హయాంలో ఫైలు యాజమాన్యమే తమరి పేరిట రాసుకున్నారు. దాన్ని లాక్కోవచ్చు, అందుకు కమాండ్లున్నాయి. కానీ సిస్టమ్ ఫైళ్ల తనిఖీ నడిచిన రోజున ఆ కష్టమంతా గంగపాలు.

అందుకని లోకం ఒక దొడ్డిదారి పట్టింది. రిజిస్ట్రీలో ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ అనే చోట నోట్‌ప్యాడ్ పేరు రాసి, దాని కింద డీబగ్గర్ అని మన ఎడిటర్ అడ్రసు ఇవ్వాలి. అంటే నోట్‌ప్యాడ్‌లో దోషాలు వెతికే వైద్యుడు వీడని తమరికి బొంకాలి. తమరు నమ్మి, నోట్‌ప్యాడ్‌ను పిలిచినప్పుడల్లా వైద్యుణ్ని లేపి రోగి అడ్రసు చేతిలో పెడతారు. ఆ అడ్రసును పట్టించుకోవద్దని చెప్పడానికి నోట్‌ప్యాడ్++ వాళ్లు ప్రత్యేకంగా ఒక స్విచ్చే పెట్టుకున్నారు. ఒక టెక్స్ట్ ఫైలు తెరుచుకోవడానికి ఇన్ని అబద్ధాలా?

తమరి భయమూ మాకు తెలుసు. ఇదే దొడ్డిదారిన దొంగలూ వస్తారు. లాగిన్ తెర మీద షిఫ్ట్ కీ ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్‌కు బదులు కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకునేలా చేసే పాత టక్కు ఈ డీబగ్గర్ గీతతోనూ నడుస్తుంది. కాపలా ఉండాల్సిందే, కాదనం. కానీ సిసలైన వాకిలి లేనందువల్లే మర్యాదస్తులు కూడా దొంగలు నడిచే సందులో నడవాల్సి వస్తోంది.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు బదిలీ అడిగేవాళ్ల ఫిర్యాదే తిరగబడింది. అప్పట్లో నోట్‌ప్యాడ్‌కు ఏమీ రాదని గోల, ఇప్పుడు అన్నీ వచ్చేస్తున్నాయని. 2023లో ట్యాబులు, 2024లో స్పెల్లింగ్ దిద్దుబాటు, 2025లో బొద్దక్షరాలు, శీర్షికలు. మనం రాసింది తిరగరాసిపెడతానంటూ కోపైలట్ కూడా పక్కన చేరింది. వర్డ్‌ప్యాడ్‌ను విండోస్ 11 వెర్షన్ 24హెచ్2తో ఇంటికి పంపి ఆ పనులు దీని నెత్తిన పెట్టినట్టుంది. ట్యాబులు మంచివే, మిగతావి సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. అయినా ఏమీ రాకపోవడమే గొప్పగా బతికిన ఉద్యోగికి ఈ వయసులో ఇన్ని శిక్షణ తరగతులెందుకో! విండోస్ 11లో నోట్‌ప్యాడ్ యాప్‌కున్న ఎలియాస్ అనే మారుపేరును ఆపేస్తే వెనకగదిలోంచి పాత నోట్‌ప్యాడే లేచి వస్తుంది. తమరే దాన్ని అక్కడ దాచి, దాని మీద ఇంకొకదాన్ని కూర్చోబెట్టారన్నమాట.

డాట్ టీఎక్స్‌టీ ఫైళ్లను దేనితో తెరవాలో సెట్టింగుల్లో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పుకున్నాం. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినంతవరకే ఆ మాట చెల్లుతుంది. నోట్‌ప్యాడ్‌నే పేరు పెట్టి పిలిచే పాత ప్రోగ్రాములు, బ్యాచ్ ఫైళ్లు ఆ సెట్టింగు వైపు కన్నెత్తి చూడవు. లినక్స్‌లో ఎడిటర్ అని ఒక వేరియబుల్ ఉంటుంది. దాంట్లో ఏ పేరు రాస్తే గిట్, క్రాన్‌ట్యాబ్ వంటివి దాన్నే పిలుస్తాయి. మేం కోరేది అలాంటి ఒక్క గీత: ‘ఈ యంత్రంలో టెక్స్ట్ ఎడిటర్ ఫలానా’ అని. అది మార్చేటప్పుడు తమరు పాస్‌వర్డ్ అడగండి, రెండుసార్లు అడగండి, ఎవరు మార్చారో చిట్టాలో రాసుకోండి. నోట్‌ప్యాడ్‌ను చెరపమనడం లేదు. కొలువులో ఉంచి జీతమిచ్చుకోండి, పిలుపు మాత్రం మేం చెప్పినచోటికి వెళ్లాలి.

జవాబు డాట్ టీఎక్స్‌టీగానే పంపించండి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. దేంట్లో తెరుచుకోవాలో మేం చూసుకుంటాం.

ఇట్లు,
తమరి విధేయుడు,
అడ్మినిస్ట్రేటర్ (పేరుకు మాత్రమే)