కుక్కకో బోర్డింగ్ పాస్

కుత్బుల్లాపూర్ జనానికి విమానం వింత కాదు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యాడెట్లు నెత్తిమీద చక్కర్లు కొడుతుంటే ఇక్కడి పిల్లలు తలెత్తి కూడా చూడరు. కుక్క అంతకన్నా వింత కాదు. ఈ రెండూ ఒకచోట కలవడమే ఇక్కడ ఇంకా మిగిలింది. బయట మాత్రం ఆ ముచ్చట తీరుతోంది. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీలో చిక్కుకున్న పెంపుడు జంతువులను ముంబై చేర్చడానికి ఆరు సీట్ల ప్రైవేటు జెట్ మాట్లాడారు, సీటు ధర 1.6 లక్షలన్నారు. 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి చెన్నైకి ఒక చిన్న మాల్టీస్ కుక్క కోసం ఎయిర్ ఇండియా బిజినెస్ క్లాస్ మొత్తాన్ని ఒక్కరే బుక్ చేసుకున్నారు. అమెరికాలోనైతే 2024 మేలో కుక్కల కోసమే బార్క్ ఎయిర్ మొదలైంది. అప్పట్లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు టికెట్ 6,000 డాలర్లు. ఇవి చదివినవాళ్లు 'పోయేకాలం' అని పేపర్ మడిచేస్తారు. మడవకండి. ఈ దేశంలో చట్టప్రకారం బతుకుతున్న కుక్క ఏదైనా ఉంటే అది విమానమెక్కిన కుక్కే.

ఎందుకంటే చిన్న విమానానికి మొహమాటం లేదు. సెస్నా 172లో సీట్లు నాలుగే. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి అది మోయగలిగేది 400 కిలోలకు అటూ ఇటూ. అందులో ముప్పై కిలోల లాబ్రడార్ ఎక్కితే దాని బరువు లెక్కలోకి రావాలి, ఎక్కడ కూర్చుంటుందో ముందే తేలాలి. గాల్లో ఉండగా అది ముందు నుంచి వెనక్కి దూకిందంటే విమానం గరిమనాభి జరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. అందుకే ఒంటికి హార్నెస్ తొడిగి సీటుకు కట్టేస్తారు. ఇంజిన్ మోతకు చెవులు కప్పుతారు. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి అసలే ఊపిరికి ఆయాసపడే పగ్ లాంటి చప్పిముక్కు జాతులను ఎక్కించే ముందు రెండుసార్లు ఆలోచిస్తారు. మన ఎయిర్‌లైన్ల సంగతికొస్తే, డీజీసీఏ 1985లోనే సర్క్యులర్ ఇచ్చింది: కెప్టెన్ ఒప్పుకోవాలి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, రేబిస్ టీకా పడి ఉండాలి. బరువు ఉన్నట్టుండి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు దూకితే ఏమవుతుందో మన శాసనసభను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడా ఒక హార్నెస్ ఉంది, ఫిరాయింపులను ఆపే పదో షెడ్యూల్ అంటారు. తొడిగే చేతులకే తీరిక దొరకదు.

ఆకాశం నుంచి కిందికి దిగేకొద్దీ నిబంధన పలచబడుతుంది. రైల్లో కుక్క వెళ్లాలంటే ఫస్ట్ ఏసీ కూపే కావాలి, లేదా గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్. అంటే మొదటి తరగతి, లేకపోతే జైలు. మధ్యతరగతి కుక్కకు రైల్వే చోటే పెట్టలేదు. ఆర్టీసీ ఇంకా నయం. 2022 ఫిబ్రవరిలో పెద్దపల్లి నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో గుడ్డ చుట్టి దాచిన కోడిపుంజు కదిలేసరికి కండక్టర్ 30 రూపాయల టికెట్ కొట్టాడు. అందరూ నవ్వారు గానీ ఆ కండక్టర్ ఆ కోడి ఉనికిని గుర్తించాడు. వీధిలోకి వచ్చేసరికి ఆ గుర్తింపూ లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును, 2024 జులైలో మన మేడ్చల్ జిల్లా జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాణ్ణి వీధికుక్కలు చంపాయి. ఇక్కడ వ్యంగ్యానికి నోరు రాదు. వేల అడుగుల ఎత్తున ఎగిరే కుక్కకు కాగితాలున్నాయి. మూడడుగుల పిల్లవాడి పక్కన తిరిగే కుక్కకు లేవు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, దాన్ని ఆదర్శమంటారేమిటని అడగవచ్చు. సరదా నిజమే, చరిత్రలో అంతకన్నా పెద్దవీ ఉన్నాయి. 1947లో జునాగఢ్ నవాబు విమానంలో కరాచీకి పారిపోతూ కుక్కలను వెంట తీసుకెళ్లాడు. మరచిన బిడ్డను తేవడానికి ఒక బేగం వెనక్కి వెళితే ఆ ఖాళీలో ఇంకో రెండు కుక్కలను ఎక్కించుకుని ఎగిరిపోయాడని చెప్పుకుంటారు. అలాంటి విమానాన్ని ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నది నిబంధనలను. వాటిలో ఖరీదైనది రెక్కలే; టీకా, నమోదు, పట్టీ కొంపల్లి విల్లాల ఖర్చుల్లో కనిపించనంత చిన్నవి. పెంపుడు కుక్కకు మున్సిపల్ లైసెన్సు తప్పనిసరే, అడిగేవాడే కరువు.

యజమాని లేని వీధికుక్కకు పట్టీ ఎవరు కడతారన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. జవాబు చట్టంలోనే ఉంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టుకుని, సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, టీకా వేసి, అదే చోట వదలాల్సింది స్థానిక సంస్థ. అంటే వీధికీ కెప్టెన్ ఉన్నాడు, కాక్‌పిట్‌లోనే కనిపించడం లేదు. దుండిగల్, కొంపల్లి, మేడ్చల్, తూంకుంట మున్సిపాలిటీలను 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిపారు. బోర్డుల మీద పేరు మార్చడానికి పెయింటరు దొరికాడు కదా, కుక్కల వ్యానుకు డ్రైవరూ దొరకాలి. మాస్కో వీధుల్లో దొరికిన లైకాను 1957లో సోవియట్ సర్కారు అంతరిక్షానికి పంపింది, దించే ఏర్పాటు మాత్రం చేయలేదు. మన కార్పొరేషన్‌ను ఎవరూ అంత ఎత్తు అడగడం లేదు. పట్టిన చోటే దింపమంటున్నారు, టీకా వేసి.

ఆ టీకా కోసం దూరం పోనక్కర్లేదు. మనుషులకు వేసే రేబిస్ టీకాను షామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారు చేస్తుంది, కుక్కలకు వేసేదాన్ని హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు దాన్ని విమానం ఎక్కించకపోయినా పర్వాలేదు, ఈ వారం పశువుల ఆసుపత్రి మెట్లు ఎక్కించండి. వీధికుక్క సంగతి మీ వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.