సందు చుక్క బెంజీన్

మా జంషెడ్‌పూర్‌లో బెంజీన్‌కి కొదవ లేదు. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల వాయువులోనే అది ఉంటుంది. సోనారిలో మా ముందుగదిలో, ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రంలోకి మాత్రం ఎంత బతిమాలినా రాదు. అణువుల బొమ్మలు గీయడానికి నేను వాడే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక షడ్భుజి గీయడం తేలికే. పక్కన రెండోది అతికించేటప్పుడే ఉంది అసలు తంటా. మౌసు వెంట్రుకవాసి జరిగిందా, నాఫ్తలీన్ కావలసినవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

సరే, తయారుచేసినవాళ్లకే సలహాలు రాసి పంపుదామని కాగితం తీశాను.

మొట్టమొదట కావలసింది గీతల్ని లావు చేసే జిరాక్స్ మీట. అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నళ్ల కొలతల్లో బంధం పొడవు 14.4 పాయింట్లు, గీత మందం 0.6. జర్నల్లో ముచ్చటగానే ఉంటుంది. మా వీధి చివర జిరాక్స్ మెషీన్‌కి ఆ 0.6 ఆనదు. ద్విబంధంలో ఒక గీత ఎగిరిపోతుంది. పిల్లలు ఆల్కీన్‌ని ఆల్కేన్ అని రాసి, "మీరిచ్చిన బొమ్మే సార్" అని మార్కులకి పేచీ పెడతారు. న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, అదీ బాధ.

వంపు బాణాల సంగతి ఇంకోటి. కెర్మాక్, రాబిన్సన్ 1922లో వాటిని మొదలుపెట్టినప్పటి నుంచీ బాణం ఎలక్ట్రాన్లున్న చోటి నుంచే బయల్దేరాలి. మా పిల్లల బాణాలు హైడ్రోజన్ దగ్గర లేచి మార్జిన్‌లో దిగుతాయి. అలాంటి బాణాన్ని సాఫ్ట్‌వేర్ కదలనివ్వకూడదు. కార్బన్‌కి అయిదో బంధం తగిలిస్తే ఎర్రరంగు చూపించి ఊరుకోవడం కూడా చాలదు. ఎరుపుకి జడిసే వయసా వాళ్లది? "నాలుగే!" అని పక్కింటికి వినపడేలా అరవాలి.

తెలుగులో పేర్లు రాయబోతే మరీ విడ్డూరం. నీటి ఫార్ములాలో 2 కొట్టగానే దానంతటదే కిందికి దిగుతుంది. "ఆమ్లం" అని కొడితే లవత్తు విడిపోయి పక్కన నిలబడుతుంది. కింద రాయడమంటే మనకి గుణింతాల తర్వాతి పాఠమే కదా!

ఇంతలో సంక్రాంతికి విజయనగరం నుంచి వచ్చిన మా అత్తగారు, ముగ్గుపిండి చేత్తోనే వచ్చి తెర వైపు చూశారు.

"చుక్కల్లేకుండా గీస్తే వంకర పోదా, బాబూ?"

కాగితం లాక్కున్నారు. మూడు చుక్కలు, సందు చుక్క రెండు వచ్చేవరకు. బయటి ఆరూ కలిపారు. మధ్యలో మిగిలిన చుక్క చుట్టూ సున్నా చుట్టారు. 1925లో ఆర్మిట్, రాబిన్సన్ బెంజీన్‌లో పెట్టిన సున్నా అదే. బెంజీన్ వలయం తట్టడానికి కెకూలేకి తోక కరుచుకున్న పాము కలలోకి రావలసి వచ్చిందట. ఈవిడకి నిద్రపోవలసిన పని కూడా పడలేదు.

చుక్కలు పెంచుకుంటూ పోతే నాఫ్తలీన్, ఆంత్రసీన్ అన్నీ వాటి మీదే కుదురుతాయి. ప్రతి బంధం ఒకే పొడవు, ప్రతి కోణం 120 డిగ్రీలు. (అయిదు మూలల వలయాలకి ఈ లెక్క పనికిరాదు. ఆ మాట ఆవిడతో అనలేదు.)

అత్తగారి సలహా అంటే నవ్వుతారేమో. 1985లో ఇలాంటి బొమ్మలు గీసే కెమ్‌డ్రా పుట్టిందీ ఇంటివాళ్ల అవసరంలోంచే. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ ఎవాన్స్ పరిశోధనలకి ఆయన భార్య శాలీ చేత్తో బొమ్మలు గీసేవారు. ఆ చాకిరీ తప్పించాలని వాళ్లిద్దరితో కలిసి స్టీవర్ట్ రూబెన్‌స్టైన్ అనే విద్యార్థి మాకింటాష్ మీద ప్రోగ్రాం రాశాడు.

అందుకే నా ఉత్తరంలో సందు చుక్కల పలకని ఒకటో నంబరుకి జరిపాను. అత్తగారు మొత్తం చదివించుకుని విన్నారు. జిరాక్స్ మీటకి తలూపారు, బాణాలు పట్టించుకోలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, గొబ్బెమ్మ ఎక్కడ పెట్టాలి?"

సున్నా మధ్యలో అని రాశాను. కుండలీకరణాల్లో, ఐచ్ఛికం.