కంపెనీవోడు మరిచిపోయినవి

జపాన్‌లో హమమత్సు అని ఒక ఊరుంది. సుజుకీ వాళ్ల పెద్దాఫీసు అక్కడే. అక్కడి ఇంజనీర్లు ఏళ్ల తరబడి కొలిచి, లెక్కలు కట్టి, గ్రాము గ్రాము బరువు తగ్గించి ఒక చిన్న కారును గీస్తారు. ఆ కారు హర్యానాలోనో గుజరాత్‌లోనో పుట్టి, ఖమ్మం షోరూముకొచ్చి, నిమ్మకాయలు తొక్కి, మరిపెడ బంగ్లా సెంటరుకు చేరిన సాయంత్రానికల్లా తేలిపోతుంది, పాపం వాళ్లు పని సగంలోనే వదిలేశారని. వెనకాల రెక్క లేదు. ముందు ఇనుప గార్డు లేదు. కింద నీలి లైటు లేదు. హారన్ కొడితే మేక కూడా పక్కకు జరగదు.

“ఉట్టి బండి ఇచ్చిండు బావా” అని యజమాని నిట్టూరుస్తాడు. మిగతా పని పూర్తి చేయడానికి డెకార్స్ షాపు ఉండనే ఉంది.

పని సీట్ల దగ్గర మొదలవుతుంది. కంపెనీ సీటు మీద కంపెనీ వాడు వేసిన ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దాన్ని తీయకూడదు. దాని మీద రెగ్జీన్ కవరు తొడిగించాలి. రెగ్జీన్ మాయకుండా పైన టర్కీ టవల్ పరచాలి. అసలు సీటు మీద ఇంతవరకు కూచున్న మనిషి లేడు. అయిదేళ్ల తర్వాత బండిని కొనుక్కునే సెకండ్ హ్యాండ్ ఆసామికి కొత్త సీటు అందించాలని ఇంటిల్లిపాదీ మే నెల ఎండలో ప్లాస్టిక్ మీద ఉడుకుతూ తిరుగుతారు. ఇంతటి త్యాగం అన్నదమ్ముల మధ్య కూడా కనిపించదు.

తర్వాత గార్డు. కారు ముందుభాగాన్ని కంపెనీ వాడు కావాలనే మెత్తగా చేస్తాడు. గుద్దుకున్నప్పుడు అది నలిగి దెబ్బను మింగాలి, సెన్సరు పసిగట్టాలి, లోపల గాలిసంచీ తెరుచుకోవాలి. ఇనుప గార్డు బిగిస్తే ముందుభాగం నలగదు. దెబ్బ తిన్నగా ఛాసిస్‌కు, అక్కడి నుంచి లోపలి మనుషుల పక్కటెముకలకు చేరుతుంది. సెన్సరు అయోమయంలో పడుతుంది. ఈ గార్డులు చట్టవిరుద్ధమని, తీయించండని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. మనవాళ్ల వాదన వేరు: “బంపరుకు సొట్ట పడితె మూడు వేలన్నా!” పక్కటెముకలకు ఆరోగ్యశ్రీ ఉంది, బంపరుకు లేదు. లెక్క సరిపోయింది.

లైట్ల సంగతి ఇంకా బాగుంటుంది. హెడ్‌లైట్ గిన్నెను లోపలి ఫిలమెంటు ఎక్కడ వెలుగుతుందో చూసుకుని మలుస్తారు. అందులో తెల్లటి ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా పడుతుంది. చెట్ల కొమ్మల మీద, కరెంటు తీగల మీద, ముఖ్యంగా ఎదురొచ్చే గ్రానైట్ లారీ డ్రైవరు కళ్లలో. వరంగల్–ఖమ్మం రోడ్డు మీద రాత్రిపూట ఎవరికీ ఏమీ కనిపించదు గానీ, అందరూ అందరికీ కనిపిస్తారు.

ఇవన్నీ నేరమా అని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. కేరళ హైకోర్టు కాస్త వెసులుబాటు ఇస్తే దాన్నీ కొట్టేసింది. అదే ఏడు మోటారు వాహనాల చట్టానికి 182-ఏ సెక్షను వచ్చి చేరింది: అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మార్పు ఒక్కింటికి అనే మాటను గమనించాలి. మన సెంటర్లో నిలబెట్టిన ఏ ఎర్ర స్విఫ్టునో తీసుకుని సైలెన్సరు, గార్డు, ప్రెషర్ హారను, లైట్లు అంటూ వేళ్లు మడిస్తే చేతివేళ్లు చాలక చెప్పులు విప్పాల్సొస్తుంది.

అద్దాలకు నల్ల ఫిల్మ్ ఒక పురాణం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏ ఫిల్మూ అతికించొద్దంది. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలి, అదీ గాజు పుట్టుకతోనే ఉండాలి. 2024లో కేరళ హైకోర్టు మాత్రం మారిన నిబంధనలు చూసి, ఆ శాతాలకు లోబడితే ఫిల్మ్ ఉండొచ్చంది. మన యువత ఈ తీర్పులో “ఉండొచ్చు” దాకా శ్రద్ధగా విని లేచి వెళ్లిపోయింది. లోపలున్నది ఎవరో తెలియకపోవడమే కదా హోదా. లోపల ఉన్నది సర్పంచు మేనల్లుడే అయినా, బయటివాడు మంత్రేమోనని ఒక క్షణం బెదరాలి. ఆంధ్రలో 2024 జూన్‌లో నంబరు ప్లేట్ల మీద “పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా” అని రాయించుకున్నవాళ్లు నయం, ఎవరి తాలూకానో బయటికి చెప్పారు.

ప్లేట్ల మాట వచ్చింది కాబట్టి ఒక న్యాయం అడగాలి. 8055ను వంకర తిప్పి ‘బాస్’ అని రాయించుకున్న కుర్రాడికి ఫైన్ వేస్తారు. మరి సర్కారు చేసిన మార్పుల మాటేమిటి? ఇక్కడి బండికి మొదట ఏపీ 36 అని ఉండేది. రాష్ట్రం వచ్చింది, టీఎస్ 03 అయింది. 2016లో జిల్లా చీలి మహబూబాబాద్‌లో పడ్డాం, టీఎస్ 26 అయింది. 2024లో టీజీ 26. మధ్యలో గ్రామపంచాయతీ మున్సిపాలిటీ కూడా అయింది. ఊరు ఉన్నచోటి నుంచి అంగుళం జరగలేదు, ప్లేటు మాత్రం నాలుగు అవతారాలెత్తింది. మోడిఫికేషన్ అంటే అది. 182-ఏ ప్రకారం మూడు మార్పులకు పదిహేను వేలు వస్తుంది గానీ వసూలు చేసేదెవరు?

అసలు తెలంగాణలో కారు రూపం మీద పట్టింపు ఎక్కువే. 2022 మునుగోడు ఉపఎన్నికప్పుడు రోడ్డు రోలరు, చపాతీ కర్ర, సబ్బుపెట్టె, కుట్టుమిషను కూడా ఓటరు కళ్లకు కారులాగే కనిపిస్తున్నాయని, వాటిని ఎవరికీ గుర్తుగా ఇవ్వొద్దని కారు గుర్తు పార్టీ మొరపెట్టుకుంది. చపాతీ కర్ర కారులా కనిపించే నాట కారు రాకెట్టులా కనిపిస్తే తప్పేముంది? హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారు బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో కార్లు చేసి మ్యూజియమే పెట్టారు. ఆయన టికెట్ పెట్టి చూపిస్తున్నారు, మనవాళ్లు ఉచితంగా, కూరగాయలకు వెళ్తూ చూపిస్తున్నారు.

ఈ మధ్య కొత్తగా సెరామిక్ కోటింగ్ దిగింది. ఒకప్పుడు వాటర్ సర్వీసింగ్ చేయించి, కింద డీజిల్ కొట్టిస్తే కారుకు అభ్యంగన స్నానం అయినట్టే. ఇప్పుడు షాపు పిల్లగాడు “నైన్ హెచ్ అన్నా, వజ్రమంత గట్టి” అంటాడు. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనాన్ని కొలిచే స్కేలు. అంటే అన్నిటికంటే గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడదని. వజ్రాన్ని కొలిచే స్కేలు వేరు. కారును ఎవరూ పెన్సిల్‌తో గీయరు. తుమ్మకొమ్మ గీస్తుంది, బర్రె కొమ్ము గీస్తుంది, ఎదురింటి పిల్లగాడు రూపాయి బిళ్లతో గీస్తాడు. వేల రూపాయలు పోసి అద్దంలా మెరిపించిన ఆ కారును మిర్చి కల్లం పక్కనే నిలబెట్టి, దుమ్ము పడకుండా పైన పరదా కప్పుతారు. మెరుపును పరదా ఒక్కటే చూస్తుంది.

నవ్వుతున్నాను గానీ, నాకూ ఆ ఎర్ర స్విఫ్టు వాడంటే లోలోపల గౌరవమే. అతను మిర్చి రైతు. విత్తనం ఏదో డీలరు చెప్తాడు. అప్పు ఎంతో బ్యాంకు చెప్తుంది. ధర ఎంతో మార్కెట్టు చెప్తుంది. 2022 మార్చిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్టులో దేశీ మిర్చి క్వింటా 50 వేలు దాటింది, పది గ్రాముల బంగారంతో పోటీ పడింది. అదే కారులో నల్ల తామరపురుగు చేన్లను ఊడ్చేసింది కాబట్టి అమ్ముకోవడానికి చాలామంది దగ్గర పంట లేదు. 2025 మొదట్లో పంట ఉంది, ధర కూలిపోయింది. ఇలా తన చేతిలో ఏదీ లేని మనిషికి స్టీరింగ్ కవరు ఏ రంగుదో, వెనకద్దం మీద అమ్మ పేరుండాలో కూతురి పేరుండాలో తేల్చుకునే అధికారం ఒకటి దొరికింది. దాన్ని తనివితీరా వాడుకున్నాడు. కాకపోతే అదే పైసల్లో కొంచెం అరిగిన టైర్ల మీద కూడా పెడితే బాగుండేది. వైపర్లు ఎప్పుడో పోయాయి. ఆకేరు వాగు పొంగే నెలల్లోనూ అతను తల బయటపెట్టి నడుపుతాడు.

మొన్న ఆ బండి అమ్మకానికొచ్చింది. బ్రోకరు చుట్టూ తిరిగి చూశాడు. యజమాని ఒక్కో సామానూ చూపిస్తూ, దేనికి ఎంతయిందో చెప్పుకొచ్చాడు. బ్రోకరు అంతా విని, “గివన్నీ లేకుంటె ఇంకో ఇరవై వేలు ఎక్కువిచ్చేటోన్నే అన్నా” అన్నాడు.

రాత్రికి రాత్రి గార్డు, రెక్క, ఊఫరు, హారను, లైట్లు అన్నీ ఊడి ఇంట్లో సజ్జెక్కాయి. లోపల ప్లాస్టిక్ కవరు కింద సీటు కొత్తదిగానే ఉంది. వారం తిరక్కుండా అతను ఖమ్మం షోరూములో కొత్త చిన్న కారు బుక్ చేశాడు.

“ఎక్స్‌ట్రా ఫిట్టింగులు ఏమన్న కావాల్నా సార్?” అని అడిగాడట అక్కడి పిల్లగాడు.

“వద్దు తమ్మీ, ఇంట్ల సజ్జ మీద ఉన్నయ్.”

“పాత బండియి దీనికి పట్టయి సార్.”

“పట్టిస్తం” అన్నాడట.