తెర కొంటున్నారు, బోటు అడుగు చూడటం లేదు

మా రోజుల్లో బోటుకి లోతు చూపే సౌండరు బిగించడమంటే ఓనరు, సరంగు, వడ్రంగి ముగ్గురూ స్లిప్‌వే మీద బోటు కిందకి దూరి ఒక పూటంతా వాదులాడుకునే పని. ఇప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బరులో అది గంటలో అయిపోతోంది. షాపు కుర్రాడు డ్రిల్లు పట్టుకొస్తాడు. ఇంజను గదిలో చెయ్యి దూరిన చోట కన్నం వేస్తాడు, పుట్టీ మెత్తుతాడు, పోతాడు. ఆ వేళకి సరంగు వీల్‌హౌసులో కూర్చుని తెర ఎన్ని అంగుళాలో చూసుకుంటూ ఉంటాడు.

నాకు మండేది ఇక్కడే. నీళ్లలోకి చప్పుడు పంపేదీ, అడుగుకి తగిలి తిరిగొచ్చిన చప్పుడు వినేదీ బోటు కింద ఉండే ఆ చిన్న ట్రాన్స్‌డ్యూసరు. సముద్రపు నీటిలో చప్పుడు సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. 75 మీటర్ల లోతున్న అడుగుని తాకి సెకనులో పదో వంతుకల్లా వెనక్కి వచ్చేస్తుంది. ఆ ట్రాన్స్‌డ్యూసరు సరిగ్గా వినకపోతే ఎంత పెద్ద తెరైనా ఏం చూపిస్తుంది? అయినా కొనేటప్పుడు దాని సంగతి అడిగేవాడే లేడు. పెట్టెలో ఏదొస్తే అదే బిగిస్తున్నారు.

సౌండరు లేనప్పుడు పెద్దవాళ్లు సీసపు గుండుకి తాడు కట్టి వదిలి, లోతు బారల్లో లెక్కపెట్టేవారు. గుండు అడుగున చిన్న గుంట, అందులో గ్రీజు. పైకి లాగాక ఆ గ్రీజుని వేలితో తడిమి చూసేవారు. బురద అంటుకుంటే రొయ్యల వల దించొచ్చు. గవ్వ ముక్కలు, గులక తగిలితే జాగ్రత్త పడాలి. ఏమీ అంటకుండా గ్రీజు గీరుకుపోయిందంటే కింద రాయి, వల దించితే చిరిగిపోతుంది.

తర్వాత కాగితపు చుట్ట సౌండర్లు వచ్చాయి. చేపల్ని పట్టిచూపే సౌండరుని 1948లో జపానులోని నాగసాకిలో ఫురునో అన్నదమ్ములు అమ్మకానికి పనికొచ్చేలా తయారుచేశారు. కాగితం మీద సూది గీత కాల్చుకుంటూ పోతుంటే వీల్‌హౌసంతా కాలిన వాసన. కాగితం ఖరీదు కాబట్టి అవసరమైనప్పుడే వేసేవాళ్లం. వేసినప్పుడు మాత్రం ప్రతి గీతా చదివేవాళ్లం. గట్టి నేలైతే చిక్కటి నల్ల గీత, రెండింతల లోతులో దానికి జోడుగా ఇంకో గీత. మెత్తటి బురదైతే పలచటి గీతే, జోడు ఉండదు. ఇప్పుడు రంగుల తెర రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది గానీ, అందులో చేప గుర్తు తప్ప నేల ఎలాంటిదో చదివే కుర్రాడు నాకు అరుదుగా కనిపిస్తున్నాడు.

యంత్రాలు మెరుగయ్యాయి, అది కాదనను. కానీ బోటునిబట్టి ట్రాన్స్‌డ్యూసరు ఎంచుకోవాలి. చెక్క బోటుకి కంచుది. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ప్లాస్టిక్‌ది పగిలితే బోటులోకి నీళ్లే. స్టీలు బోటుకి కంచుది పెట్టారా, ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాల పొత్తుకి స్టీలుని తుప్పు తినేస్తుంది. ఫైబరుకి ప్లాస్టిక్‌ది చాలు. కన్నం వేయడం ఇష్టంలేక లోపలే అంటించేవాళ్లున్నారు. నిండు ఫైబరైతే, జిగురులో గాలిబుడగ లేకపోతే, కొంత బలం తగ్గినా పనిచేస్తుంది. కానీ మన సోనా రకం బోట్లలో చెక్క మీద ఫైబరు పూత వేసినవి ఉన్నాయి. చెక్కలోంచి ఆ చప్పుడు దాటదు. పైకి ఫైబరులా కనిపించిందని లోపల అంటించేసి, అడుగు రావట్లేదని యంత్రాన్ని తిడితే ఏం లాభం?

ఫ్రీక్వెన్సీ సంగతీ అంతే. 50 కిలోహెర్ట్జ్ లోతుకి పోతుంది గానీ వెడల్పుగా పరుచుకుంటుంది. 45 డిగ్రీల కోణం ఉన్నదైతే 60 మీటర్ల లోతులో సుమారు 50 మీటర్ల వెడల్పు నేలని ఒక్కసారే చూస్తుంది. పక్కనున్న చేప కూడా బోటు కిందే ఉన్నట్టు కనిపిస్తుంది, చిన్న రాళ్లు కలిసిపోతాయి. 200 కిలోహెర్ట్జ్, 20 డిగ్రీలదైతే అదే లోతులో చూసేది 21 మీటర్ల మేరే, కానీ విడివిడిగా చూపిస్తుంది. తీరం దగ్గర రొయ్యల వేటకీ, లోపలి సముద్రంలో వేటకీ ఒకటే సరిపోదు. కిలోవాటు యంత్రానికి 600 వాట్ల ట్రాన్స్‌డ్యూసరు తగిలిస్తే అది కాలిపోగలదు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, చోటు. ట్రాన్స్‌డ్యూసరుకి శత్రువు గాలి. అణియం నీటిని కోసుకుపోతుంటే పుట్టే బుడగలు బోటు అడుగునే పాక్కుంటూ వెనక్కి వస్తాయి, చప్పుడు వాటిని దాటలేదు. మరీ ముందు పెడితే కెరటానికి అణియం లేచినప్పుడల్లా ట్రాన్స్‌డ్యూసరు నీళ్లలోంచి బయటపడుతుంది. వెనక అమరం వైపు ప్రొపెల్లరు నురుగు, దాని మోత. అందుకే బరువైన బోటుకి అణియం నుంచి మూడో వంతుకీ సగానికీ మధ్య చూడాలి. బోటు వెన్నెముక లాంటి కీలుకి దగ్గరగానే, కానీ దాని నీడ పడనంత ఎడంగా. ముందుకి పోయేటప్పుడు ప్రొపెల్లరు రెక్కలు కిందికి దిగే పక్కన పెడితే ఇంకా మంచిది.

ఒక కుర్ర సరంగు వచ్చి, "తాతా, సౌండరు పోయింది, మార్చేయమని ఓనరుకి చెప్పు. రేవులో బానే ఉంటది, స్పీడు పెంచితే తెరంతా చుక్కలే" అన్నాడు. బోటు స్లిప్పెక్కాక కిందకి దూరి చూస్తే, ఇంజనుకి నీళ్లు లాగే కన్నానికి సరిగ్గా వెనక ఉంది ట్రాన్స్‌డ్యూసరు. ఆ కన్నం దగ్గర సుడి తిరిగిన నీళ్లన్నీ దాని ముఖం మీదే. చోటు మార్చాక అదే యంత్రం పూర్తి స్పీడులోనూ అడుగు చూపించింది. ఓనరు కొత్త సౌండరు కొనాల్సిన పని తప్పింది.

బోటు అడుగు వాలుగా ఉంటుంది కదా, నేరుగా బిగిస్తే చూపు పక్కకి పోతుంది. మా వడ్రంగి బోటు వాలుకి తగ్గట్టు ఒక చెక్క దిమ్మెని ఏటవాలుగా రెండుగా కోసేవాడు. ఒక ముక్క బయట, రెండోది లోపల, మధ్యలో బోటు చెక్క. నట్టు సమంగా కూర్చునేది, ట్రాన్స్‌డ్యూసరు ముఖం సూటిగా సముద్రపు అడుగు వైపు తిరిగేది. దిమ్మె ముందు వైపు నీళ్లు జారిపోయేలా చిత్రిక పట్టేవాడు. ఈ ఓపిక ఇప్పుడెవరికీ లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర బోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ మరమ్మతుకి గట్టెక్కేది అప్పుడే. ఓనర్లారా, ఈసారి రంగు వేసే ముందు ఒక్కసారి కిందకి దూరి చూడండి. ట్రాన్స్‌డ్యూసరుకి పట్టిన గవ్వలు చెక్కముక్కతో మెల్లగా గీరండి, ఉలితో కాదు. దాని ముఖానికి వేస్తే నీటితో కలిపే, నాచు పట్టనివ్వని రంగే పలచగా వేయండి. వైరు పొడవెక్కువైతే కోయకండి, చుట్టి పెట్టండి, ఇంజను కరెంటు వైర్లకి దూరంగా లాగండి. ఇవన్నీ చూశాక కూడా తెర బాగోలేదనిపిస్తే, అప్పుడు షాపుకి వెళ్లండి.